100 ఏళ్ల కిందట చైనా సుంకాలపై చర్చలు.. హక్కు ఒప్పుకున్నారు, డబ్బు దగ్గరే ఆగిపోయారు! అసలేం జరిగింది?

2025 ఏప్రిల్‌లో అమెరికా, చైనా పోటాపోటీగా సుంకాలు పెంచుకున్న సంగతి గుర్తుండే ఉంటుంది. చైనా సరకులపై అమెరికా 145 శాతం దాకా వెళితే, అమెరికా సరకులపై చైనా 125 శాతం వేసింది. 'మీరు పెంచితే మేమూ పెంచుతాం' అని బీజింగ్ ధీమాగా చెప్పగలిగింది.

కానీ సరిగ్గా 100 ఏళ్ల కిందట ఇదే బీజింగ్ పరిస్థితి వేరు. తన రేవుల్లో దిగే సరకుపై 5 శాతానికి మించి సుంకం వేసే అధికారం చైనాకు లేదు. పెంచాలంటే బ్రిటన్, జపాన్, అమెరికా, ఫ్రాన్స్ సహా డజను దేశాలు ఒప్పుకోవాలి. ఆ అనుమతి కోసం 1925 అక్టోబర్ 26న బీజింగ్‌లో ఓ అంతర్జాతీయ సమావేశం మొదలైంది. చైనాతో కలిపి 13 దేశాల ప్రతినిధులు కూర్చున్నారు. నెల తిరగకుండానే ప్రధాన డిమాండ్‌కు అందరూ తలూపారు. అయినా ఎనిమిది నెలల తర్వాత ఆ చర్చలు మధ్యలోనే ఆగిపోయాయి. మళ్లీ మొదలు కాలేదు.

అందరూ సరేనన్న విషయం ఎందుకు ఆగిపోయింది? ఆ ముడి ఎక్కడ పడింది? చివరికి ఎలా విడిపోయింది?

ఈ 5 శాతం లెక్క ఎక్కడిది?

దీని మూలం మొదటి నల్లమందు యుద్ధంలో ఉంది. యుద్ధంలో ఓడిన చైనా 1842 ఆగస్టు 29న బ్రిటన్‌తో నాన్జింగ్ ఒప్పందం చేసుకుంది. హాంకాంగ్‌ను వదులుకుంది. 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. షాంఘై, కాంటన్ (ఇప్పటి గ్వాంగ్‌జౌ) సహా ఐదు రేవులను విదేశీ వ్యాపారులకు తెరిచింది. వాటితోపాటే సుంకం ఎంత ఉండాలో బ్రిటన్‌తో మాట్లాడుకునే ఖరారు చేయాల్సి వచ్చింది.

ఆ మరుసటి ఏడాది ఇంకో షరతు చేరింది. వేరే ఏ దేశానికి ఏ రాయితీ ఇచ్చినా అది బ్రిటన్‌కూ దక్కాలి. తర్వాత వచ్చిన దేశాలన్నీ ఇదే షరతు రాయించుకున్నాయి. దీంతో ఒక్కరికి ఇచ్చింది అందరికీ ఇచ్చినట్టే అయింది. మార్చాలంటే మాత్రం అందర్నీ ఒప్పించాలి. ఇక 1858లో దిగుమతులు, ఎగుమతులపై సాధారణ సుంకం 5 శాతమని స్థిరపడింది.

నిజానికి ఆ 5 శాతం కూడా పూర్తిగా రాలేదు. సుంకాన్ని ధరలో శాతంగా కాకుండా, ఇన్ని మూటలకు ఇంత అని పట్టిక రాసి పెట్టుకున్నారు. ఉదాహరణకు వంద రూపాయల ధర ఉన్నప్పుడు మూటకు ఐదు రూపాయల సుంకం రాశారనుకుందాం. ధర 160 రూపాయలకు పెరిగినా సుంకం ఆ ఐదు రూపాయలే. అంటే అసలు వసూలయ్యేది 3 శాతం పైచిలుకు మాత్రమే. ధరలు పెరుగుతున్నా 1858 నాటి పట్టికను 1902 దాకా సవరించలేదు. ఆ తర్వాత 1918లో, 1922లో సవరించారు.

వసూలు చేసేది ఎవరు?

ఇక్కడే అసలు చిక్కు ఉంది. 1853లో షాంఘై నగరం తిరుగుబాటుదారుల చేతికి చిక్కింది. కస్టమ్స్ కార్యాలయం పనిచేయడం మానేసింది. దీంతో 1854లో విదేశీ ఇన్‌స్పెక్టర్లను పెట్టి సుంకాల వసూలు మొదలుపెట్టారు. తాత్కాలిక ఏర్పాటు కాస్తా శాశ్వతమైంది. పేరుకు అది చైనా ప్రభుత్వ శాఖే. కానీ పైస్థాయి అధికారులు విదేశీయులు, వారిలోనూ ఎక్కువ మంది బ్రిటిషర్లు. ఐర్లాండ్‌కు చెందిన రాబర్ట్ హార్ట్ 1863 నుంచి 1911లో చనిపోయే వరకూ, అంటే దాదాపు అర్ధ శతాబ్దం పాటు దానికి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్నారు.

అయితే హార్ట్ కాలంలో ఈ శాఖ లెక్క కట్టేది మాత్రమే. డబ్బు చైనా అధికారుల ఖాతాలోకే వెళ్లేది. 1911 విప్లవంతో రాచరికం కూలిపోయే సమయానికి అదీ మారింది. అప్పులు ఇచ్చిన దేశాలు తమ వాయిదాలు ఏమవుతాయోనని కంగారు పడ్డాయి. వసూళ్లను నేరుగా విదేశీ బ్యాంకుల్లో జమ చేయించడం మొదలుపెట్టాయి.

ఆ అప్పులు చిన్నవేం కాదు. బాక్సర్ తిరుగుబాటు తర్వాత 1901లో చైనాపై వేసిన పరిహారమే 45 కోట్ల టేళ్ల వెండి. టేల్ అంటే చైనాలో వెండి తూకానికి వాడిన కొలమానం. 39 ఏళ్లలో, 4 శాతం వడ్డీతో తీర్చాలి. వడ్డీతో కలిపితే అది 98 కోట్ల టేళ్లు దాటుతుంది. కస్టమ్స్ ఆదాయంలోంచి ముందు ఈ పరిహారం, విదేశీ అప్పుల వాయిదాలు పోవాలి. ఇంకేమైనా మిగిలితే దాన్ని బీజింగ్‌లో ఉన్న ప్రభుత్వానికి ఇచ్చేవారు.

ఈ 'మిగులు' అనే మాటే తర్వాత చర్చల మెడకు చుట్టుకుంది. ఎందుకంటే, సుంకం పెంచితే పెరిగేది ఆ మిగులే. అది ఎవరి చేతికి వెళ్లాలన్నదే ప్రశ్న.

లికిన్.. అడుగడుగునా చెక్‌పోస్ట్

2017లో జీఎస్టీ రాకముందు రాష్ట్ర సరిహద్దుల దగ్గర చెక్‌పోస్టుల ముందు బారులు తీరిన లారీలను చూసే ఉంటారు. అలాంటివి రాష్ట్ర సరిహద్దులో ఒకటి కాదు, ఒకే రాష్ట్రంలో కాలువ మలుపుకొకటి, ఊరి పొలిమేరకొకటి ఉంటే ఎలా ఉంటుంది? చైనాలో 'లికిన్' అంటే అదే.

తైపింగ్ తిరుగుబాటును అణచడానికి డబ్బు లేక 1853లో ఈ పన్ను మొదలుపెట్టారు. యుద్ధం ముగిసినా పన్ను పోలేదు. రాష్ట్రాల అధికారులకు, తర్వాత సైన్యాధిపతులకు అదే ప్రధాన రాబడిగా మారింది. విదేశీ సరకుకు సగం సుంకం, అంటే రెండున్నర శాతం అదనంగా కడితే దారి పొడవునా ఈ లికిన్ నుంచి మినహాయింపు దొరికేది. చైనా వ్యాపారి మాత్రం గేటు గేటుకూ కట్టుకుంటూ వెళ్లాలి. అంటే సొంత దేశంలో సొంత సరకే ఎక్కువ పన్ను మోసేది.

విదేశీ వ్యాపారులకూ లికిన్ అంటే మంట. మినహాయింపు కాగితం ఉన్నా చాలా చోట్ల ఆపేవారు. అందుకే 1902లో బ్రిటన్ ఓ బేరం పెట్టింది. చైనా లికిన్‌ను ఎత్తేస్తే దిగుమతి సుంకాన్ని 12.5 శాతం దాకా పెంచుకోనిస్తామంది. ఒప్పందం మీద సంతకాలు కూడా అయ్యాయి. కానీ రాష్ట్రాలు లికిన్‌ను వదులుకోలేదు. మిగతా దేశాలన్నీ కలిసి రాలేదు. ఆ బేరం కాగితానికే పరిమితమైంది.

వాషింగ్టన్‌లో మాట.. అమలుకు మూడున్నరేళ్లు

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత చైనా మళ్లీ గట్టిగా అడిగింది. 1922 ఫిబ్రవరి 6న వాషింగ్టన్‌లో తొమ్మిది దేశాలు ఓ కస్టమ్స్ ఒప్పందం చేసుకున్నాయి. ముందుగా 5 శాతం సుంకం నిజంగా 5 శాతం వచ్చేలా పట్టిక సవరించాలి. ఆ తర్వాత ప్రత్యేక సమావేశం పెట్టి మామూలు సరకుపై 2.5 శాతం, విలాస వస్తువులపై 5 శాతం దాకా అదనపు సుంకానికి వీలు కల్పించాలి. ఒప్పందం అమల్లోకి వచ్చిన మూడు నెలల్లోగా ఈ సమావేశం జరగాలి.

కానీ ఒప్పందం అమల్లోకి వస్తేగా! ఫ్రాన్స్ మెలిక పెట్టింది. యుద్ధం తర్వాత ఫ్రాంక్ విలువ బాగా పడిపోయింది. దీంతో బాక్సర్ పరిహారంలో తమ వాటాను కాగితపు ఫ్రాంకుల్లో కాకుండా బంగారం లెక్కన కట్టాలని పట్టుబట్టింది. అది తేలేదాకా ఒప్పందానికి ఆమోదం తెలపలేదు. 1925లో చైనా దిగి వచ్చాక గానీ ఆ గొడవ తేలలేదు. 1925 ఆగస్టు 5న ఒప్పందం అమల్లోకి వచ్చింది. మూడు నెలల్లో జరగాల్సింది మూడున్నరేళ్లకు వచ్చింది.

ఈలోగా చైనా వీధులు వేడెక్కాయి. 1925 మే 30న షాంఘైలోని అంతర్జాతీయ సెటిల్‌మెంట్‌లో నిరసనకారులపై బ్రిటిష్ అధికారుల కింద పనిచేసే పోలీసులు కాల్పులు జరిపారు. వారిలో సిక్కు కానిస్టేబుళ్లు కూడా ఉన్నారు. దేశమంతా సమ్మెలు, విదేశీ సరకుల బహిష్కరణ మొదలయ్యాయి. 1922లో గొప్పగా అనిపించిన రెండున్నర శాతం 1925కు వచ్చేసరికి ముష్టి వేసినట్టు కనిపించింది. సమావేశం మొదలైన రోజే బీజింగ్‌లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. వాళ్ల డిమాండ్ ఒక్కటే.. మా సుంకం మేమే నిర్ణయించుకుంటాం.

నవంబర్ 19.. అందరూ సరేనన్నారు

చైనా తరఫున మాట్లాడిన వాంగ్ జెంగ్‌టింగ్ మొదటి రోజే విషయం తేల్చి చెప్పారు. సుంకాలపై పూర్తి స్వేచ్ఛ కావాలి. 1929 జనవరి 1లోగా లికిన్‌ను తామే రద్దు చేస్తాం. అప్పటిదాకా మామూలు సరకుపై 5 శాతం, విలాస వస్తువులపై 20 శాతం, మద్యం, పొగాకు లాంటి వాటిపై 30 శాతం అదనంగా వేసుకుంటాం. ఇదీ ప్రతిపాదన.

వీధుల్లో వేడి చూసిన విదేశీ ప్రతినిధులు మొదటి అంశంపై పెద్దగా బెట్టు చేయలేదు. నవంబర్ 19న తీర్మానం చేశారు. సుంకాలపై చైనా స్వేచ్ఛను గుర్తించారు. చైనా సొంత సుంకాల చట్టం 1929 జనవరి 1 నుంచి అమల్లోకి రావచ్చన్నారు. అదే రోజున లికిన్ రద్దవుతుందని చైనా ప్రకటించింది.

80 ఏళ్లుగా తెగని విషయం 25 రోజుల్లో తెగిందనిపించింది. కానీ 1929 దాకా మధ్యలో మూడేళ్లకు పైగా ఉంది. ఆ మూడేళ్ల లెక్క దగ్గరే బండి ఆగింది.

బండి ఎక్కడ ఆగింది?

మొదటి ముడి, అదనపు సుంకం ఎంత అన్నది. చైనాకు చౌక నూలు బట్టలు భారీగా అమ్ముతున్న జపాన్ రెండున్నర శాతం దాటడానికి ససేమిరా అంది. తన సరకుల వరకూ ప్రత్యేక ఒప్పందం కావాలని అడిగింది. నెలల తరబడి నిపుణులు కూర్చుని సరకులను ఏడు తరగతులుగా విడదీశారు. 2.5 శాతం నుంచి 22.5 శాతం దాకా ఓ పట్టిక తయారుచేశారు. అది తుది ఒప్పందం దాకా వెళ్లలేదు.

రెండో ముడి, వచ్చే డబ్బు దేనికి అన్నది. అప్పులిచ్చిన దేశాలు తమ పాత బాకీలకు ముందు కట్టాలన్నాయి. తాకట్టు లేని అప్పులు ఎక్కువగా ఇచ్చింది జపానే. 1917-18లో జపాన్ ఇచ్చిన 14.5 కోట్ల యెన్‌ల నిషిహరా రుణాలు అందులో భాగం. ఆ డబ్బు దేశానికి కాకుండా ఓ ముఠా సైనిక ఖర్చులకు పోయిందని చైనా ప్రజల కోపం. చిత్రం ఏంటంటే, అప్పట్లో ఆ రుణాలు తీసుకున్న డువాన్ చిరుయ్ చేతిలోనే 1925లోనూ బీజింగ్ ప్రభుత్వం ఉంది. కాబట్టి రుణాలు కట్టబోమని గట్టిగా చెప్పలేరు. కడతామంటే వీధుల్లో జనం ఊరుకోరు.

మూడో ముడి అన్నిటికంటే పెద్దది. అసలు ఎవరితో ఒప్పందం? బీజింగ్ ప్రభుత్వం మాట బీజింగ్ దాటితే చెల్లని రోజులవి. ఉత్తరాన చాంగ్ జోలిన్, ఫెంగ్ యూషియాంగ్ లాంటి సైన్యాధిపతులు కొట్టుకుంటున్నారు. డిసెంబర్‌లో యుద్ధం కారణంగా బీజింగ్-తియాంజిన్ రైలు మార్గమే తెగిపోయింది. దక్షిణాన కాంటన్‌లో సన్ యట్ సెన్ స్థాపించిన ప్రభుత్వం ఈ సమావేశాన్నే గుర్తించలేదు. దానికీ కారణం ఉంది. 1923లో కస్టమ్స్ మిగులులో తమ వాటా ఇమ్మని సన్ యట్ సెన్ అడిగితే, పాశ్చాత్య దేశాలు కాంటన్‌కు యుద్ధనౌకలు పంపాయి. ఇప్పుడు సుంకం పెంచితే ఆ డబ్బంతా బీజింగ్‌లో ఉన్న శత్రువు తుపాకులకే పోతుందని వాళ్ల వాదన.

లికిన్ సంగతీ అంతే. రద్దు చేస్తామని బీజింగ్ చెప్పింది. కానీ దాన్ని వసూలు చేసేది రాష్ట్రాల్లోని సైన్యాధిపతులు. వాళ్లెవరూ ఆ సమావేశంలో సంతకం పెట్టలేదు.

1926 ఏప్రిల్‌లో డువాన్ ప్రభుత్వం కూలిపోయింది. చైనా ప్రతినిధుల్లో చాలామంది బీజింగ్ వదిలి వెళ్లారు. విదేశీ ప్రతినిధులు ఖాళీ కుర్చీల ముందు కొన్ని వారాలు ఎదురుచూశారు. చివరికి జులై 3న, చైనా ప్రతినిధులు మళ్లీ వస్తే చర్చలు కొనసాగిస్తామంటూ ఓ ప్రకటన ఇచ్చి విరమించారు. మరో ఆరు రోజులకు, జులై 9న, చియాంగ్ కై షేక్ నాయకత్వంలో కాంటన్ సైన్యం ఉత్తరానికి దండయాత్ర మొదలుపెట్టింది.

అడగడం మానేశాక కదిలింది

ఆ తర్వాత జరిగింది ఆసక్తికరం. 1926 అక్టోబర్‌లో కాంటన్ ప్రభుత్వం ఎవరి అనుమతీ అడగకుండా తన రేవుల్లో అదనపు పన్ను వసూలు మొదలుపెట్టింది. మామూలు సరకుపై రెండున్నర, విలాస వస్తువులపై 5 శాతం. అంటే వాషింగ్టన్‌లో ఇస్తామని చెప్పిందే. అందుకు బదులుగా హాంకాంగ్‌పై 16 నెలలుగా సాగుతున్న సమ్మె, బహిష్కరణను ముగించింది. విదేశాలు నిరసన తెలిపాయి కానీ ఆపలేకపోయాయి.

డిసెంబర్‌లో బ్రిటన్ తన వైఖరి మార్చుకుంది. ఆ అదనపు సుంకాన్ని చైనా అంతటా షరతులు లేకుండా ఒప్పుకుందామని మిగతా దేశాలకు లేఖ రాసింది. బీజింగ్ కూడా అదే సుంకం వసూలు చేయమని ఇన్‌స్పెక్టర్ జనరల్ ఫ్రాన్సిస్ ఆగ్లెన్‌ను ఆదేశించింది. ఆయన కుదరదన్నారు. 1927 మొదట్లో ఆయన్ను పదవి నుంచి తీసేశారు. విదేశాల ఒత్తిడికి అలవాటు పడిన ప్రభుత్వం అంత పెద్ద విదేశీ అధికారిని తీసేయడం అప్పట్లో పెద్ద సంచలనం.

1928లో బీజింగ్ కూడా చియాంగ్ పక్షం చేతికి వచ్చింది. నాన్జింగ్ రాజధానిగా ఒకే ప్రభుత్వం నిలబడింది. ఇక 13 దేశాలను ఒకే గదిలో కూర్చోబెట్టే ప్రయత్నం చేయలేదు. ఒక్కో దేశంతో విడివిడిగా మాట్లాడింది. 1928 జులై 25న అమెరికా సంతకం చేసింది. చైనా తరఫున ఆర్థిక మంత్రి టి.వి. సూంగ్, అమెరికా తరఫున జాన్ మెక్‌మరీ సంతకాలు పెట్టారు. బీజింగ్ సమావేశంలో అమెరికా ప్రతినిధిగా కూర్చున్నదీ ఈ మెక్‌మరీనే. డిసెంబర్ 20న బ్రిటన్ ఒప్పుకుంది.

1929 ఫిబ్రవరి 1న చైనా కొత్త సుంకాలు అమల్లోకి వచ్చాయి. 1925లో అనుకున్న తేదీకి కేవలం ఒక నెల ఆలస్యం. రేట్లు 7.5 నుంచి 27.5 శాతం. అంటే పాత 5 శాతానికి, ఆగిపోయిన చర్చల్లో నిపుణులు తయారుచేసిన పట్టికను కలిపితే వచ్చే లెక్క అదే. జపాన్ మాత్రం 1930 మే 6 దాకా సాగదీసి, కొన్ని సరకులకు పాత రేట్లు కొనసాగేలా చూసుకుంది. లికిన్ రద్దు 1931 జనవరి 1న జరిగింది. కొన్నాళ్లకే కస్టమ్స్ రాబడి నాన్జింగ్ ప్రభుత్వానికి అతిపెద్ద ఆదాయ వనరైంది.

అన్నీ ఒక్కసారిగా మారిపోలేదు. కస్టమ్స్ శాఖకు విదేశీ అధిపతులు 1949 దాకా కొనసాగారు. పాత అప్పుల వాయిదాలూ ఆ రాబడిలోంచే కట్టారు. కానీ రేటు ఎంతో చెప్పేది మాత్రం చైనాయే.

మనకు సంబంధం ఏంటి?

ఈ కథలో భారత్ మొదటి నుంచీ ఉంది. చైనాతో యుద్ధానికి దారితీసిన నల్లమందు వెళ్లింది ఇక్కడి నుంచే. ఆ యుద్ధంలో బ్రిటన్ తరఫున పోరాడిన దళాల్లో తెలుగు, తమిళ సిపాయిలుండే మద్రాసు సైన్యానికి చెందిన 37వ మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ ఒకటి. 1927లో షాంఘైకి బ్రిటన్ పంపిన సేనల్లోనూ భారతీయ దళాలున్నాయి. మన సైనికుల్ని చైనా ప్రజల మీదికి పంపొద్దని భారత జాతీయవాదులు అప్పుడే నిరసన తెలిపారు. ఆ ఏడాది డిసెంబర్‌లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభ కూడా ఆ దళాలను వెనక్కి రప్పించాలని కోరింది.

ఇంకో పోలిక కూడా ఉంది. లాంకషైర్ మిల్లుల కోసం 1896 నుంచి భారత మిల్లు బట్టపై బ్రిటిష్ ప్రభుత్వం 3.5 శాతం ఎక్సైజ్ సుంకం వేసింది. అంటే ఇక్కడా సొంత సరకు మీదే పన్ను! దశాబ్దాల ఆందోళన తర్వాత దాన్ని నిలిపేసింది 1925 డిసెంబర్‌లో. అదే నెలలో బీజింగ్‌లో అదనపు సుంకం మీద బేరాలు సాగుతున్నాయి.

హక్కు ఉందని ఒప్పించడానికి బీజింగ్‌కు 25 రోజులు పట్టింది. ఆ హక్కుతో ఒక్క పైసా అదనంగా వసూలు చేయడానికి మాత్రం, రేవుల్లో సొంతంగా గేటు వేసి నిలబడే ప్రభుత్వం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఇవాళ సుంకాల పేరెత్తితే చైనా అంత పట్టుదలగా ఎందుకు ఉంటుందో అర్థం కావాలంటే, ఆ 5 శాతం రోజుల్ని కూడా గుర్తుంచుకోవాల్సిందే.